గిన్నె ముందు కూర్చున్న బిట్టు

2022 వానాకాలం. బీదర్‌లో నేను సొంతంగా పశువుల క్లినిక్ పెట్టి అప్పటికి ఆరేళ్లు. పేరుకు పశువులే గాని, వచ్చేవి ఎక్కువగా కుక్కలు, వాటికన్నా ఎక్కువ మారాం చేసే వాటి యజమానులు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "మావాడు చికెన్ లేనిదే ముట్టడు డాక్టర్" అని ఎవరైనా మురిసిపోతూ చెబితే, ఆ పూట వాళ్లకు నాతో నాలుగు మాటలు తప్పవు.

అలా మాటలు పడినవాళ్లలో దేవదానం ఒకరు. యాభై దాటిన మనిషి, మోటార్‌సైకిళ్ల మెకానిక్. భార్య పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో ఆయన, బిట్టు అనే తెల్ల పొమెరేనియన్ కుక్క, అంతే. బిట్టును తువ్వాలులో చుట్టి తెచ్చేసరికి అది వాంతులతో నీరసించిపోయి ఉంది. ప్యాంక్రియాటైటిస్. అంటే కొవ్వును అరిగించే రసాలు తయారుచేసే గ్రంథి వాచిపోవడం. ఏం పెడుతున్నారని అడిగితే, రోజూ మటన్ ముక్కలు, కొవ్వుతో సహా, తన చేత్తో తినిపిస్తున్నానన్నారు.

మూడు రోజులు డ్రిప్ పెట్టి నిలబెట్టాను. కొవ్వు తక్కువగా ఉండే డ్రై ఫుడ్, అంటే చిన్న బిళ్లల్లా ఉండే ఎండు తిండి, హైదరాబాద్ నుంచి తెప్పించి ఇచ్చాను. మళ్లీ మటన్ పెడితే ఈసారి కాపాడటం నా వల్ల కాదని గట్టిగానే చెప్పాను.

"ఇది మస్తు జిద్దు జేస్తది డాక్టరమ్మా. గిన్నెల ఏం ఏసినా ముట్టదు. చేతితోని పెట్టాలె."

"మీరే అలవాటు చేసిండ్రు మామా. గిన్నె పెట్టుండ్రి, పావుగంట చూడుండ్రి, తినకపోతే తీసేయుండ్రి. బతిమిలాడొద్దు. ఆకలైతే అదే తింటది."

ఎందరికో చెప్పిన పద్ధతే. కాకపోతే జబ్బు నుంచి లేచిన కుక్కను ఎక్కువ రోజులు పస్తుంచకూడదు. రెండో రోజుకూ తినకపోతే ఫోన్ చేయమన్నాను. చేశారు. "పొద్దుగాల్నుంచి పండుకునే ఉన్నది. చచ్చిపోతదా?" అని అడిగిన గొంతు విని, సాయంత్రం క్లినిక్ మూసి వాళ్లింటికి వెళ్లాను.

నా ముందే గిన్నెలో బిళ్లలు వేశారు. బిట్టు లేచి వచ్చి గిన్నె ముందు బుద్ధిగా కూర్చుంది. వాసన చూసింది. నోటి నుంచి చొంగ కారుతోంది. కానీ తల వంచలేదు. దేవదానం నోటి వంకే చూస్తోంది. తిండి నచ్చని కుక్క ముఖం తిప్పుకుంటుంది, ఇలా చొంగ కార్చుకుంటూ కూర్చోదు. ఇది మొండితనం కాదు, దేనికోసమో ఆగుతోంది. దాన్ని చూడకుండానే మొండిదని తేల్చేసినందుకు నా మీద నాకే సిగ్గేసింది.

"ఇదివరకు దీనికి గిన్నెల ఎవరు పెడుతుండె మామా?"

ఆయన వంగి గిన్నెను దానికి ఇంకొంచెం దగ్గరగా జరిపారు. "మా బిడ్డ. కరుణ," అన్నారు. కరుణ హుమ్నాబాద్‌లో ఒక కంపెనీలో పనిచేస్తూ, అక్కడే ఒకతన్ని ఇంట్లో చెప్పకుండా రిజిస్టర్ పెళ్లి చేసుకుంది. ఆ సంగతి ఈయనకు చర్చిలో ఎవరో చెబితే తెలిసింది. అప్పటి నుంచి ఏడాదిగా మాటల్లేవు.

"ఆమె ఎట్ల పెడుతుండె?"

"తినే ముంగట మేం ప్రార్థన జేస్తం గద. దీనికి గుడ చేస్తుండె. ఆమెన్ అన్నంకనే ముట్టాలె. చిన్నప్పటి సంది గదే నేర్పింది."

మాది చింతకి అనే ఊరి దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. అన్నం ముందు కూర్చుని మేం చేసే ప్రార్థన ఏదైనా ఉంటే, అది 'ఇంకింత పప్పు వెయ్యి' అన్నదే. నాకు ఇది తట్టకపోవడంలో వింత లేదు.

మీరే చేయండని అన్నాను. ఆయన కళ్లు మూసుకుని "దేవా" అన్నారు. మళ్లీ "దేవా" అన్నారు. ఎలాగో "ఆమెన్" అనేసరికి బిట్టు ఆయన్ను వదిలి తలుపు వైపు చూసింది.

"కరుణ నంబర్ ఉన్నదా?"

"నోటికొచ్చు."

ఏడాదిగా ఒక్కసారీ చేయని నంబర్, ఎక్కడా తడబడకుండా పది అంకెలూ చెప్పారు. నా ఫోన్ నుంచే కలిపి, స్పీకర్ పెట్టి, నేనెవరో, ఎందుకు చేశానో కరుణకు చెప్పాను.

"మా నాయిన ఆడనే ఉన్నడా?"

"ఉన్నడమ్మా."

"మాట్లాడతడా?"

ఆయన తల అడ్డంగా ఊపి గోడ వైపు తిరిగారు. నేనేమీ చెప్పకపోయినా ఆ అమ్మాయికి అర్థమైనట్టుంది. "ఫోన్ గిన్నె కాడ పెట్టుండ్రి మేడం," అంది.

పెట్టాను. "ప్రభువా, ఈ తిండి ఇచ్చినందుకు నీకు స్తోత్రం. మా బిట్టు కడుపు బాగుజెయ్యి. మా నాయిన ఒక్కడే తింటున్నడు. ఆయనకు తోడుండు. ఆమెన్."

బిట్టు తల వంచింది. బిళ్లలు కరకరా నమిలే చప్పుడు గదంతా వినిపించింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా కరుణ ఫోన్ పెట్టలేదు. దేవదానం గోడ వైపు నుంచి తిరగలేదు. నాకూ కళ్లు నిండాయి.

రోజూ సాయంత్రం ఏడింటికి ఇలాగే పెట్టమని చీటీ మీద రాసిచ్చాను. తిండి మానేసిన కుక్క ఏది వచ్చినా, అంతకుముందు దానికి ఎవరు పెట్టేవారని అడగడం నాకు ఆ రోజు నుంచే అలవాటైంది. అంతకు ముందు ఆరేళ్లు ఆ ప్రశ్న అడగకుండా ఎన్ని కుక్కలను మొండివని పస్తుంచానో తలచుకుంటే బాధేస్తుంది.

మూడు వారాలకు రక్తపరీక్ష కోసం బిట్టును పొద్దున్నే నా దగ్గర వదిలి వెళ్లారు. రక్తం తీశాక, వేరే పనిలో ఉండి, గిన్నెలో బిళ్లలు పోసి అక్కడ పెట్టాను. ప్రార్థన లేదు, ఫోన్ లేదు. వెనక్కి తిరిగి చూసేసరికి గిన్నె ఖాళీ. బిట్టు మూతి నాక్కుంటోంది. ఇక దానికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

సాయంత్రం దేవదానం వచ్చారు. రిపోర్టు బాగుందని చెప్పాను. రోజూ ఫోన్‌లో మాట్లాడుతున్నారా అని అడిగాను.

"నేనేం మాట్లాడ. గిన్నె కాడ పెడుత. తిన్నదా అని కరుణ అడుగుతది, ఆఁ అని అంట. మొన్న నువ్వు తిన్నవా నాయినా అన్నది." బిట్టు చెవి వెనక గోకారు. "దానికి గుడ ఆఁ అన్న."

బిట్టు గొలుసు చేతికి చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా అడిగారు. "ఈ ఫోన్ ఇంకెన్ని దినాలు జెయ్యాలె డాక్టరమ్మా?"

ఖాళీ గిన్నె నా టేబుల్ కిందే ఉంది. కాలితో దాన్ని ఇంకొంచెం లోపలికి నెట్టాను.

"అది బతికినంత కాలం మామా," అన్నాను.