అమ్మ పెళ్లిచీర నక్షత్రం

మొన్న ఖానాపురం హవేలిలో ఓ కొట్టు ముందు ప్లాస్టిక్ క్రిస్మస్ నక్షత్రాలు వేలాడుతుంటే ఆగిపోయాను. మన చిన్నప్పుడు ఇవెక్కడివి? వెదురు బద్దలు కట్టి, ఉడికించిన మైదాతో రంగు కాగితాలు అంటించేవాళ్లం. ఆ మైదా వాసన గుర్తుందా మీకు?

ఏన్కూరు అవతల, అడవి అంచున మా ఇల్లు. ఏటా నక్షత్రం నాన్నే చేసేవాడు. ఎనభైల్లో ఒక ఏడు, వానాకాలంలో జ్వరమొచ్చి నాన్న పోయాడు. డిసెంబరు రాగానే అమ్మ వెదురు బద్దలు ముందేసుకుని కూర్చుంది.

"సావు జరిగిన ఇంట్ల పండుగేందే?" అంది నాయనమ్మ.

"కొత్త బట్టలొద్దు అత్తా, పిండివంటలొద్దు. యేసయ్య పుట్టిండని చెప్పుడు గూడ మానాల్నా?" అంది అమ్మ.

నాయనమ్మ పోయి అరుగు మీద కూర్చుంది. రంగు కాగితాలు కొనే స్థితి లేదు. అమ్మ పెట్టెలోంచి తన పెళ్లిచీర తీసి కత్తిరించింది. మన పెళ్లికూతుళ్లు చర్చిలో కట్టుకునే తెల్లచీర. కుట్టడమైతే కుట్టింది గానీ, నక్షత్రం ఓ మూల వంకర పోయింది. పొద్దుగూకుతుండగా లోపల లాంతరు పెట్టి, వాకిట్లో గడకు ఎక్కించడానికి తాడు పట్టుకుంది.

అప్పుడు నాయనమ్మ లేచి వచ్చింది.

"ఆ తాడు ఇటియ్యి. నా కొడుకు లాగేటోడు గదా."

చర్చికి పోయే దారి పొడవునా కనిపించేంత ఎత్తుకు ఆమే లాగింది. ఆ డిసెంబరంతా మా ఇల్లు ఏదని ఎవరడిగినా నేను చెయ్యెత్తి చూపించాను. మిగతా ఇళ్ల రంగుల నక్షత్రాల నడుమ తెల్లగా వెలిగేది మాదే.