చుట్ట ఆరేదాకా

మొన్న మా మనవరాలికి అట్టపెట్టెలో పుస్తకాలొచ్చాయి. పదకొండేళ్ల పిల్ల. తన ఈడు పిల్లలకు కొత్తగా ఏమేం వచ్చాయో ఫోనులో వెతికి వెతికి తనే ఏరుకుంది. రెక్కల గుర్రాలట, చుక్కల మధ్య తిరిగే ఓడలట, సముద్రం అడుగున పట్నాలట. ఒక్కొక్కటీ విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తూ, "అమ్మమ్మా, నీ చిన్నప్పుడు ఇలాంటివి ఉండేవా?" అని అడిగింది. ఉండేవో లేదో నాకేం తెలుసు, నాకు దొరికింది ఒక్కటే. అదైనా సగం చాప మీద చదివాను, సగం మా నానమ్మ చుట్ట మీద చదివాను అంటే, పిల్ల ముఖం అదోలా పెట్టింది.

చాప సంగతి ముందు చెప్పాలి. మాది చీపురుపల్లి దగ్గర పల్లె. అరవైలు ముగిసిపోతున్న రోజులు. ఆరో తరగతి మధ్యలో ఉండగా నేను పెద్దమనిషినయ్యాను. ఆవేళ బడి నుంచి రాగానే మా నానమ్మ నా భుజం మీంచి సంచీ తీసి చిలక్కొయ్యకు తగిలించింది. అది మళ్లీ దిగలేదు. గోగునార కట్టలు వేసే గదిలో ఒక మూల తాటాకు చాప పరిచి, పదకొండు రోజులు ఇక్కడే అని కూర్చోబెట్టారు. నా కంచం వేరు, నా చెంబు వేరు. గుమ్మం దాటకూడదు, మగవాళ్ల కంట పడకూడదు. గోడకి ఎత్తున జానెడు కిటికీ ఒకటి. పొద్దున్నే నా జతపిల్లలు బడికి పోతూ ఆ గోడ పక్కనుంచే నడిచేవారు. మాటలు వినబడేవి, మనుషులు కనబడేవారు కాదు. సాయంత్రం ఊళ్లో ఆడవాళ్లంతా వచ్చి పాటలు పాడి, నువ్వుల చిమ్మిలి ఉండలు నా నోట్లో కుక్కి పోయేవారు. నార వాసనా, నువ్వుల వాసనా కలిస్తే ఇప్పటికీ నాకు ఊపిరాడనట్టుంటుంది.

నాలుగోనాడు మా మేనత్త కూతురొచ్చింది. నాకు వదిన వరస, విజయనగరంలో టీచరు ట్రైనింగు చదువుతోంది. అందరూ పసుపూ అరటిపళ్లూ తెస్తే, ఆవిడ చిమ్మిలి పళ్లెం కింద ఒక పుస్తకం పెట్టి తెచ్చి, చప్పుడు చెయ్యకుండా చాప కిందకి తోసేసింది. అట్ట మీద గుండ్రటి కిటికీలోంచి నా అంత పిల్ల బయటికి చూస్తోంది. బయట అన్నీ చుక్కలే. అంతవరకూ మా ఇంట్లో అచ్చు కాగితం అంటే పంచాంగమూ నా వాచకమూనే. ఈ పుస్తకంలో ఒక ముసలి తాత ఇనప ఓడ కట్టి మనవరాలిని ఆకాశంలోకి తీసుకుపోతాడు. ఒక లోకంలో ఇద్దరు సూర్యులు. ఇంకో లోకంలో మనుషులు నీళ్లలా పారుతారు. తాత ఒకచోట అంటాడు, కాలం అన్ని లోకాల్లోనూ ఒక్కలా నడవదని, ఓడలో ఒక రోజైతే ఇంటి దగ్గర ఒక ఏడాదని. అదొక్కటీ నేను నమ్మలేదు. రోజు రోజే కదా! కిటికీ వెలుగు చాప మీద ఉన్నంతసేపే, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేదాన్ని. పదకొండోనాటికి ఇంకా సగం మిగిలిపోయింది.

ఆవేళ తలంటి పోశారు. మా నానమ్మ చాప చుట్టబోతే పుస్తకం బయటపడింది. చాప మీది వస్తువేదైనా ఉతికితే గానీ ఇంట్లోకి రాకూడదు, ఉతకడానికి వీల్లేనిది చాపతో పాటు బట్టలుతికే ఆవిడకి పోవాలి. అది కట్టుబాటు. నేను ఏడుస్తూ పుస్తకం పట్టుకుంటే మా నానమ్మ, "పుస్తకాన్ని ఉతుకుతావేటే? వదులు" అంది. బట్టలుతికే ఆవిడని నేను అప్ప అనేదాన్ని. అప్ప చాపా, నా పాత పరికిణీ, ఆ పుస్తకం మూట కట్టుకుని పోయింది. నేను గదిలోంచి ఇంట్లోకి వచ్చాను గానీ, వీధి గుమ్మం మాత్రం నాకు మూసే ఉంది. బడికి పోతానని ఒకసారి అడిగాను. మా నానమ్మ వినబడనట్టు బియ్యం చెరుగుతూ కూర్చుంది.

నాలుగు రోజులకి అప్ప ఉతికిన బట్టలు తెచ్చింది. మూట విప్పితే మధ్యలో పుస్తకం! పెరటి గుమ్మం బయట చతికిలబడి, "ఒలే పిల్లా, రోజూ ఈ బొమ్మే సూస్తన్నాను. ఈ ఆడగుంట కిటికీలోంచి ఎటు సూస్తందో సెప్పు" అంది. మా నానమ్మ గయ్యిమని లేచింది, అంటుదాన్ని మళ్లీ ఇంటికి తెస్తావా అని. అప్ప తొణకలేదు. "నా ఇంట పడుకుని వచ్చిందమ్మా, మీ బట్టల్లాగే. బట్ట పనికొస్తాది గానీ కాయితం పనికిరాదేటి?" అంది. మా నానమ్మ పెరటి అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించింది.

మా నానమ్మది అడ్డపొగ. నిప్పు కొస నోటి లోపలికి పెట్టుకుని కాల్చేది. చుట్ట నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడడానికి లేదు. ఆ సందులో నేను గుమ్మానికి ఇవతల, అప్ప అవతల కూర్చుని, నేను పైకి చదివేదాన్ని. చుట్ట ఆరగానే మా నానమ్మ, "ఇక సాల్లే, పన్లేటీ లేవా?" అనేది. పుస్తకం మూటలోకి పోయేది. ఓడ ఏ చీకట్లో ఉంటే ఆ చీకట్లోనే, అప్ప మళ్లీ వచ్చేదాకా ఆగిపోయేది. నేనూ దాంతో పాటే.

అలా నెల్లాళ్లు. ఆఖరి పేజీలు వచ్చిన రోజు చుట్ట అయిపోవచ్చింది. మా నానమ్మ చుట్ట తీసి, ఆ నిప్పుతోనే ఇంకొకటి వెలిగించింది. నేను చదివేశాను. ఓడ దిగి పిల్ల ఇంటికొస్తుంది, తలుపు తీసుకుని లోపలికి వెళ్తుంది. అంతే, అయిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. అన్ని లోకాలు తిరిగి మళ్లీ ఇంట్లోకేనా అని పుస్తకం గుమ్మం మీద పడేశాను. అప్ప దాన్ని తీసి కొంగుతో తుడిచింది.

"ఇంటికొచ్చిందని రాసేరు గానీ, ఇంట్లోనే ఉండిపోనాదని రాసేరేటి?"

ఆ తర్వాత వారం అప్ప పుస్తకం తేలేదు, చదవడానికి ఏమీ మిగల్లేదు గనక. మూట దింపి మామూలుగా కూర్చుంది. మా నానమ్మ చుట్ట వెలిగించింది, కానీ నిప్పు లోపలికి పెట్టుకోకుండా నా వైపు చూసి, "ఊఁ, ఆ గుంట మల్లీ ఎప్పుడు ఎల్లింది?" అంది. నేను మొదలెట్టాను. తెల్లారగానే వెళ్లిందన్నాను, ఈసారి తాత లేకుండా తనొక్కతే ఓడ నడిపిందన్నాను.

సంచీ మాత్రం చిలక్కొయ్య మీదే ఉండిపోయింది. నాలుగేళ్లకి నన్ను రాజాం ఇచ్చారు, ఒక గుమ్మంలోంచి ఇంకో గుమ్మంలోకి. అక్కడ అన్నం కలిపి పెడుతూ నా పిల్లలకీ, ఇప్పుడు వాళ్ల పిల్లలకీ చెప్పిందంతా ఆ ఓడ సంగతే. మొన్న ఇదంతా విని మా మనవరాలు, తాత చెప్పిన ఆ కాలం మాట నిజమేనా అమ్మమ్మా అని అడిగింది. అప్పుడు నమ్మలేదు గానీ ఇప్పుడు నమ్ముతున్నానన్నాను. ఆ చాప మీది పదకొండు రోజులూ ఎంతకీ తెల్లారేవి కావు, ఆ తర్వాతి యాభై ఏళ్లూ ఒక్క చుట్ట ఆరేలోపు అయిపోయాయి.