పట్టా కింద కురిసిన వాన

మా చిన్నప్పుడు... మిరప కోతలయ్యాక మా ఇంటిల్లిపాదికీ కల్లంలోనే కాపురం. అద్దంకి దగ్గర పల్లె మాది. నేలంతా ఎర్రగా కాయలు ఆరబోసి ఉండేవి. పొద్దున్నే వాటి మధ్య కాళ్ళు ఈడుస్తూ నడిస్తే కిందవి పైకి, పైవి కిందకి తిరగబడేవి. తుమ్ములకి లెక్కే లేదు...

ఆ కాయే మాకు ఏడాది తిండి, బట్ట, నా చదువు. తడిసిందా, తెల్లబడి తాలు అయిపోతుంది. ఇక దాన్ని అడిగే నాథుడుండడు.

ఒక మధ్యాహ్నం రేడియోలో వాన పడొచ్చని చెప్పారు. వాడరేవు సముద్రం వైపు నుంచి మబ్బు లేచింది. నాన్న కంగారుపడ్డాడు. ఎండకి కాగిన కాయని ఆ వేడి మీదే కుప్ప పోయించి, ప్లాస్టిక్ పట్టా కప్పి, చుట్టూ అంచుల మీద రాళ్ళు పెట్టేశాడు. చీమ కూడా దూరదు.

"ఒరేయ్, ఇంకా పచ్చి ఆరలేదురా. కాయకి గాలాడొద్దా?" అంది నాయనమ్మ.

"వాన పడితే నువ్వు ఆపుతావా అమ్మా?" అని కసిరాడు నాన్న.

"వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసులే" అనుకుంటూ ఆవిడ వెళ్ళి చుట్టగుడిసెలో కూర్చుంది.

వాన రాలేదు. మర్నాడూ అంతే... కాసేపు మబ్బు, కాసేపు ఎండ. నాన్న ఆకాశం వంక చూడటమే తప్ప పట్టా తీయలేదు. సాయంత్రానికి నాయనమ్మ ఉండబట్టలేక రాళ్ళు పక్కకి నెట్టి అంచు ఎత్తింది.

టపటపా నీళ్ళు రాలాయి. పట్టా అడుగంతా చుక్కలే... కుప్ప మీది కాయంతా తడి.

"వాన పైనించి రాలేదురా... కిందనించే వచ్చింది" అంది నాయనమ్మ.

నాకు ఆ వారమే బడిలో విన్న పాఠం గుర్తొచ్చింది. ఎండకి నీళ్ళు ఆవిరై పైకెళ్తాయి, అక్కడ చల్లబడి చుక్కలవుతాయి, ఆ చుక్కలే మబ్బు, బరువెక్కితే వాన. మరీ చలిగా ఉన్నచోట గడ్డకట్టి మంచు.

"నాన్నా, వాన అచ్చం ఇలాగే పడుతుంది! కాయలో నీరే ఆవిరై, పట్టాకి తగిలి..." అని గంతులేశాను. సమయం సందర్భం లేని తెలివి నాది.

నాన్న చేతిలో మెత్తబడిన కాయ ఉంది. "ఎలా పడుద్దో చెప్పారు సరే... ఎలా ఆపాలో చెప్పలేదా మీ మాస్టారు?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. నాన్నకి కూడా భయమేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. ఏడుపొచ్చింది.

"ఆపేదేంటిరా... ఆవిరి పోయే దారి ఉంచాలి గానీ" అని నాయనమ్మ కొంగు బిగించింది. తడి కాయ ఏరి విడిగా పల్చగా పరిచాం. ఇంట్లో ఉన్న నులకమంచాలన్నీ తెచ్చి కాయ చుట్టూ నిలబెట్టి, వాటి మీదుగా పట్టా లాగి కట్టాం. రెండు కొసలూ గాలికి వదిలేశాం.

మర్నాడు వాన నిజంగానే దంచింది. వడగళ్ళు కూడా... ఆ మంచు ఎరగని మా ఊరికి అవే మంచు. ఒక్కటి ఏరుకుని నోట్లో వేసుకున్నాను. నాన్న మాత్రం పట్టా కింద దూరి, చెయ్యి పైకి పెట్టి తడిమి చూసి, "పొడిగానే ఉందమ్మా" అన్నాడు. అలా నవ్వడం ఆ ఏడాది అదే మొదలు.

ఆ తొలకరికి పత్తి విత్తనం పెట్టాక చుక్క పడలేదు. మొలకలు వాడిపోతుంటే అదే నాన్న, అదే ఆకాశాన్ని "రావే తల్లీ" అని బతిమాలాడు. వాన ఎలా పుడుతుందో గడగడా అప్పజెప్పే నేనూ ఆయన పక్కన నిలబడి మబ్బు కోసం వెతికాను...

ఇప్పుడు వాన కబురు గంట గంటకీ ఫోన్ చెబుతోంది. నాయనమ్మ లేదు, నులకమంచాలూ లేవు. నాన్న ఫోన్ చూసి జేబులో పెట్టుకుంటాడు... ఆ తర్వాత వెళ్ళి పట్టా అంచు ఎత్తి, లోపల చెయ్యి పెట్టి చూస్తాడు.

మీ ఇంట్లో మబ్బు పట్టగానే ముందు దేనికోసం పరిగెత్తేవాళ్ళు? చెప్పండి... వినాలనుంది.