ఎడమ చక్రానికి కుడి కాలిపర్

కారు ముందు చక్రాల బ్రేకులు మార్చాలనుకున్న రోజునే జాబితా రాసుకున్నాను. ఇరవై మూడు అంశాలు. పోర్టులో కన్వేయర్ బెల్టుల మెయింటెనెన్స్ చూసే ఉద్యోగం నాది. జాబితా లేకుండా పని మొదలుపెట్టడం నాకు చేతకాదు.

కారు సంగతి చెప్పాలి. రెండు తలుపులు, రెండు సీట్లు, ఫైబర్ బాడీ, విప్పేసుకునే టాపు. తయారుచేసిన కంపెనీ కొన్ని బళ్లు మాత్రమే అమ్మి ఎప్పుడో మూతపడింది. కాబట్టి దీనికి స్పేర్ పార్టులంటూ లేవు. ఏది కావాలన్నా ఇంకో బండిది తెచ్చి తగిలించాలి. అసలు ఆ కంపెనీవాళ్లే ముందు చక్రాలకు ఒక చిన్న వ్యాను బ్రేకు డిస్కులు వేసి వదిలేశారు. పరిగెత్తడం స్పోర్ట్స్ కారులా, ఆగడం పాల వ్యానులా.

కిందటి వానాకాలంలో సింహాచలం ఘాట్ దిగుతుంటే ఆ డిస్కులు వేడెక్కి పట్టు వదిలేశాయి. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, రోడ్డు పక్క మట్టిదిబ్బకు ఆనించి ఆపాను. పక్క సీట్లో ఉన్న నా భార్య దిగిపోయింది. మిగతా ఘాట్ నడిచి, కింద ఆటో ఎక్కి ఇంటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత మళ్లీ ఆ కారు ఎక్కలేదు. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు చేయించాల్సిన ఫిట్‌నెస్ టెస్టు దగ్గరపడినప్పుడు తన షరతు చెప్పింది.

"టెస్టులో బ్రేకులు పాసయితే నానెక్కుతాను. ఫెయిలయితే పాత సామాన్లోడికి ఇచ్చీండి. మళ్లీ ఇంకేదో పార్టు తెస్తానంటే ఊరుకోను."

ఒప్పుకున్నాను. ఎలాగూ ఫెయిలైన బండిని రోడ్డెక్కించే వీలు లేదు.

పెద్ద డిస్కులు ఒక హ్యాచ్‌బ్యాక్‌వి, వాటిని రెండు వైపుల నుంచీ ప్యాడ్లతో నొక్కిపట్టే కాలిపర్లు ఒక సెడాన్‌వి వేస్తే సరిపోతాయని కాగితం మీద రెండు వారాల లెక్క తర్వాత తేల్చాను. ఆ లెక్క ఎవరికీ అక్కర్లేకపోయింది. ద్వారకా నగర్‌లో పార్టుల షాపతను ఏ బండికని అడిగాడు. నా బండి పేరు చెప్పాను. దానికివి పడవన్నాడు. పడవని నాకూ తెలుసు, పడేలా చేసుకుంటానన్నాను. అయితే అమ్మనన్నాడు, రేపు తిరిగి తెస్తారు అన్నాడు. మర్నాడు వేరే షాపుకెళ్లి, నాకు లేని కారు ఉందని అబద్ధం చెప్పి డిస్కులు తెచ్చుకున్నాను. కాలిపర్లు సెకండ్ హ్యాండ్‌లో వెతికాను. అక్కడ ఇంకో రకం బాధ. ఏది అడిగినా "అదే ఇది" అని చేతిలో పెడతారు. వెర్నియర్ స్కేలు తీసి కొలిస్తే మూడు మిల్లీమీటర్లు తేడా. చూపిస్తే, మూడు మిల్లీమీటర్లకే ఇంతసేపా అన్నట్టు చూస్తారు.

కాలిపర్‌ను నా కారు చక్రం వెనక తిరగకుండా ఉండే నకిల్‌కు కలపడానికి ఒక ఇనుప బ్రాకెట్ చేయించాలి. దాని డ్రాయింగ్ మూడు వైపుల నుంచి గీసి, కొలతలన్నీ వేసి, కంచరపాలెంలో లేత్ షాపుకు పట్టుకెళ్లాను. ఆయన కాగితాన్ని తిప్పి కూడా చూడలేదు. శాంపిల్ పీసు తెమ్మన్నాడు. ఇంతవరకు లోకంలో లేని వస్తువుకు శాంపిల్ ఎక్కడ దొరుకుతుంది? ఆ ప్రశ్న ఆయనకు సమస్యగా తోచలేదు. చివరికి ప్లైవుడ్‌తో ఆ బ్రాకెట్ ఆకారం కోసి తీసుకెళ్తే, అచ్చం అలాగే ఇనుములో చేసిచ్చాడు. నా చేతిలో రంపం జారిన చోట పడిన గాటుతో సహా.

బిగించే పని మా మెకానిక్‌ది. అదే కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన షెడ్డు. నా మొదటి బైకు రోజుల నుంచీ అతనే. వయసుతో పని లేకుండా అందరినీ బావ అంటాడు, మా మామగారితో సహా. కాలిపర్లు బయటికి తీసి రెండు చేతుల్లో తిప్పి చూసి, కుడిది ఎడమకూ ఎడమది కుడికీ వేద్దామన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒకదాని మీద కుడి అని, ఇంకోదాని మీద ఎడమ అని తెలిపే ఇంగ్లీషు అక్షరాలు పోత పోసి మరీ ఉన్నాయి. అవి చూపించాను. కంపెనీవాళ్లు అక్షరాలు ఎందుకు వేస్తారో, వాటిని లక్ష్యపెట్టకపోతే ఏమవుతుందో, మా పోర్టులో ఒక పంపు విషయంలో ఏమయిందో అన్నీ చెప్పాను. అతను బీడీ పారేసి, "నీ ఇష్టం బావ" అని కుడిది కుడికీ ఎడమది ఎడమకీ బిగించాడు.

ఇక ఎయిర్ తీయడం మిగిలింది. బ్రేక్ ఆయిల్ గొట్టాల్లో గాలి ఉంటే పెడల్ మెత్తగా దిగిపోతుంది, బండి ఆగదు. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర కాలిపర్‌కున్న నిపిల్ విప్పి గాలి వదలాలి. మెకానిక్‌కి ఆటోల పని ఎక్కువగా ఉండటంతో నా భార్యను అడిగాను. కదలని బండిలో కూర్చోవడానికి అభ్యంతరం లేదంది.

మొదటి రోజు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తొక్కించాను. పెడల్ స్పాంజిలా ఉంది. ఆయిల్ పాతదనుకుని మార్చాను. రెండో రోజు రబ్బరు గొట్టాలు ఉబ్బుతున్నాయనుకుని కొత్తవి వేశాను. మళ్లీ అంతే. మూడో రోజు, పెద్ద కాలిపర్లకు, పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను నెట్టే పాత మాస్టర్ సిలిండర్ సరిపోవడం లేదని లెక్క వేసి, ఒక జీపు సిలిండర్ తెచ్చి పెట్టాను. పెడల్ ఇంకా మెత్తబడింది. ఈ మూడు రోజులూ మెకానిక్ పక్కనే ఏదో ఆటో కింద పడుకుని, మధ్యమధ్యలో తల బయటపెట్టి చూసి, మళ్లీ లోపలికి పోతున్నాడు. ఆ చూపు నాకు ఆయిల్ కంటే ఎక్కువ చిరాకు తెప్పించింది.

అది గురువారం. టెస్టు శనివారం. పానా నేలకేసి కొట్టి, నీకు తోచింది నువ్వు చెయ్యి అన్నాను.

అతను చేతులు తుడుచుకుని వచ్చాడు. ఆయిల్ గొట్టం అలాగే ఉంచి కాలిపర్ మాత్రం ఊడదీశాడు. ప్యాడ్ల మధ్య డిస్కు ఉండాల్సిన చోట ఒక చెక్కముక్క పెట్టాడు. కాలిపర్‌ను తలకిందులుగా పట్టుకుని నా భార్యను తొక్కమని, నన్ను నిపిల్ విప్పమన్నాడు. బుడబుడమని గాలి వచ్చింది. మూడు రోజులుగా నేను వెతుకుతున్న గాలి.

అప్పుడు కనబడింది. ఆ సెడాన్‌లో కాలిపర్ ఇరుసుకు వెనక ఉంటుంది, నా కారులో ముందుంటుంది. వెనకది ముందుకు తిప్పేసరికి, పైన ఉండాల్సిన నిపిల్ కిందికి వచ్చింది. గాలేమో పైన చేరింది. రెంటినీ అటుదిటు మారిస్తే నిపిల్ మళ్లీ పైకి వస్తుంది. నిపిల్ కింద ఉండటం వల్ల పానా సులువుగా అందుతోందని నేను మొదటి రోజు సంతోషించాను కూడా.

తెలిసీ మూడు రోజులు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఒకపాలి సెప్పినాను కదా బావ. నువ్వు అచ్చరం సూపించి అరగంట పాఠం సెప్పినావు. రెండోపాలి ఎవుడు సెప్తాడు?"

"మరి ఎందుకు చూస్తూ కూర్చున్నావు?"

"నాను కూకోలేదు, నా పని నాను సేసుకుంతన్నాను. నువ్వు అడుగుతావేమోనని సూత్తన్నాను."

డ్రైవింగ్ సీట్లోంచి నా భార్య అంది, "మీ ఇద్దరి పంతాల మద్దెన నా కాలేటైపోనాదో ఎవులూ అడగరేటి?"

ఎవరం అడగలేదు. కాలిపర్లు అటువి ఇటూ ఇటువి అటూ బిగించేసరికి సాయంత్రమయింది. ఆమె పదిసార్లు తొక్కాక పెడల్ రాయిలా నిలబడింది.

శనివారం ఆనందపురం వైపున్న టెస్టింగ్ కేంద్రానికి మెకానిక్‌ని వెంటబెట్టుకుని వెళ్లాను. ముందు చక్రాలు రోలర్ల మీద పెట్టించారు. రోలర్లు తిరుగుతుంటే తెర మీద అంకెలు పెరిగాయి. మొత్తం బలం కంటే ముందు ఎడమ, కుడి చక్రాల మధ్య తేడా చూశాను. పరిమితిలోనే ఉంది. వెనక చక్రాలూ దాటాయి. పాస్ అని పచ్చగా పడింది. బయట టీ కొట్టు దగ్గరున్న అతనికి చెబితే, "పాసవ్వక ఏటవుతాది" అని ఇంకో టీ చెప్పాడు. క్షమించమని అడగాలని దారంతా అనుకున్నవాణ్ణి, ఆ మాటతో మానేశాను.

ఇంటికొచ్చి రిపోర్టు నా భార్య చేతిలో పెట్టాను. అంకెలు వివరించబోయాను. ఆమె ఆపింది.

"కాలిపర్లు ఇంకా అతనికి తోసినట్టే ఉన్నాయా, మళ్లీ మీరు సెప్పినట్టు మార్పించీసారా?"

"అతనికి తోచినట్టే."

"అయితే పదండి, ఎక్కుతాను."

రిపోర్టు మీద టెస్టు ఫలితం, ఛాసిస్ నంబరు, ముద్ర, సంతకం అన్నీ ఉన్నాయి. ఒక్కటీ చదవకుండా దాన్ని టీవీ పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని లిఫ్టు దగ్గరికి నడిచింది.