రెండు గడియారాల మధ్య తీసివేత

మార్గశిర బహుళ తదియ, గురువారం. నీళ్ళు ఎనిమిది బిందెలు. జొన్నలు విసరడం రెండు శేర్లు. శెనక్కాయలు ఒలవడం మూడు శేర్లు. దుప్పట్లు ఉతకడం రెండు. మూడో దుప్పటి పిండుతుండగా పక్కింటి అత్త కేక వినిపించింది. తడి చేతులతోనే పరిగెత్తాను. టైం కీపరు మామ పోయారు. మూడో దుప్పటి ఆ రోజంతా నీళ్ళలోనే ఉండిపోయింది.

కోపం మీదే ఇది రాస్తున్నాను. శాంతించాక రాయమన్నారు మావారు. శాంతిస్తే నేను రాయను.

మామ మాకు చుట్టం కారు, పొరుగువారు. ప్రొద్దుటూరు బస్టాండులో ఒక ప్రైవేటు బస్సుల కంపెనీకి టైం కీపరు. ఏ బస్సు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు బయలుదేరింది అని పుస్తకంలో రాయడం ఆయన పని. నాలుకతో తడిపితే ఊదారంగు తేలే పెన్సిలుతో రాసేవారు. ఆ రాత చెరిపినా పోదు. అందుకే ఆయన నాలుక ఎప్పుడూ ఊదాగా ఉండేది. అన్నం వడ్డిస్తూ అత్త, "ఆ పెన్సిలే తినుపో, కూరెందుకు నీకు?" అని దెప్పేది. ఇంట్లో మాత్రం గడియారం ఉంచలేదు. "బస్టాండులో దాంతో పడే తన్నులాట సాలదా?" అనేవారు.

నాకు లెక్కలు రాయడం అలవాటు. ఒకసారి చాకలి దగ్గర దుప్పటి ఒకటి తగ్గింది. పండక్కి ముందే వేశానని నేను, ఆ తర్వాతే వేశావని అతను. గొడవ విని మామ గోడ మీదుగా తొంగిచూశారు.

"ఏమ్మా, ఆ దుప్పటికి పసుపు మరక ఉండిందా?"

"ఉండింది మామా. పండగనాడు పిల్ల పసుపు గిన్నె తన్నింది."

"మరి పండక్కి ముందే వేసింటే మరక యాడినుంచి వచ్చె?"

చాకలి నవ్వాడు. నాకు తల కొట్టేసినట్లయింది. ఆ సాయంత్రం మామ నా పుస్తకం తెప్పించుకుని చూశారు. "తేదీ తెలిస్తే రాయి. తెలీకపోతే ఊహించి రాయొద్దమ్మా. ఏది ముందో, ఏది తర్వాతో అది రాయి, సాలు. తప్పని తేలితే పైది కొట్టేయొద్దు. కింద ఇంకో వరస రాయి." ఆనాటి నుంచి నా పుస్తకంలో కొట్టివేత లేదు.

ఇక కోపం సంగతి. మామ పోయిన మూడో రోజు కంపెనీవాళ్ళు బస్టాండు బోర్డు మీద సంతాపం కాగితం అతికించారు. గడియారం లాంటి మనిషి అని పొగిడారు. ఆ కింద, "జమ్మలమడుగు దారి ప్రమాదానికి రెండు నెలల ముందే వయోభారం వల్ల స్వయంగా పని నుంచి విరమించుకున్నారు" అని రాశారు.

ఆ ప్రమాదం జరిగి ఏళ్ళయింది. ఆనాటి బస్సు డ్రైవరు నా తమ్ముడు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు వస్తుంటే, బస్సు పైన ఎక్కించిన మనిషి ఒకడు జారి పడి కాలు విరిగింది. పైన మనుషులను ఎక్కించమన్నది యజమాని. కానీ జమ్మలమడుగు పుస్తకంలో నాలుగింటికి బయలుదేరినట్లు ఉంది, ఇక్కడి పుస్తకంలో నాలుగున్నరకు చేరినట్లు ఉంది. యాభై నిమిషాల దారి ముప్పై నిమిషాల్లో వచ్చాడంటే తాగి తోలినట్లేనని యజమాని పోలీసులకు చెప్పాడు. తమ్ముణ్ణి స్టేషనులో కూర్చోబెట్టారు.

నేను ఏడుస్తూ మామ దగ్గరికి పోయాను. ఆయన పుస్తకం తెరిచి చూపించారు. జమ్మలమడుగులో రాసిన టైములు కూడా చీటీ మీద వస్తే ఆయన అందులో ఎక్కించేవారు.

"రెండు గడియారాల మధ్య తీసివేత చేయకూడదమ్మా. తీసివేత ఒకే గడియారంలో చెల్లుతాది. చూడు, అదే పూట మీ తమ్ముడు ఈడ రెండింటికి బయల్దేరినాడు. ఆడ చేరింది మూడూ పదికని రాసినారు. డెబ్బై నిమిషాలు. పోయేటప్పుడు ముసిలోడై, వచ్చేటప్పుడు పడుచోడైతాండాడా మీ తమ్ముడు?"

ఏడుపులో కూడా నవ్వొచ్చింది. ఆ పుస్తకం లెక్కన ఆ నెలలో పోయిన ప్రతి బస్సూ నత్తలాగే పోయింది, తిరిగొచ్చిన ప్రతి బస్సూ గాలిలా వచ్చింది. ఎవరు తోలినా అంతే. జమ్మలమడుగు గడియారం ఇరవై నిమిషాలు ముందు నడుస్తోంది. దాన్ని కొని, తన చేత్తో టైము పెట్టి, గోడకు తగిలించింది యజమానే.

మరునాటికి ఆ గడియారాన్ని చప్పుడు లేకుండా సరిచేశారు. మిగిలిన సాక్ష్యం మామ పుస్తకం ఒక్కటే. యజమాని బస్టాండుకు వచ్చాడు.

"ఆ పేజీలు చించెయ్ప్పా."

"చించితే వెనక పేజీలు గూడా ఊడొస్తాయి సామీ."

"ఊడితే ఊడనీ."

"అప్పుడు నేను గూడా ఊడొస్తా."

పుస్తకం సంకలో పెట్టుకుని నేరుగా స్టేషనుకు నడిచారు. ఇన్‌స్పెక్టరు రెండు గంటలు చూసి తమ్ముణ్ణి వదిలేశాడు. నా పుస్తకంలో ఆ రోజు వరసలు ఇవి: తమ్ముడు స్టేషను నుంచి వచ్చె. అన్నం పెట్టితిని. ఆ తర్వాత మామను పనిలోనుంచి తీసేసిరి, తాళాలు కంపెనీకి ఇచ్చేసి ఇంటికి వచ్చె.

ఏది ముందో ఏది తర్వాతో మీరే చూడండి. ప్రమాదానికి రెండు నెలల ముందే మామ మానేసి ఉంటే, ప్రమాదం నాడు పుస్తకంలో ఉన్న సంతకం ఎవరిది? దొంగ సంతకమనే కదా ఆ కాగితానికి అర్థం? చచ్చిపోయిన మనిషిని ఒక వరసలో పొగిడి, మరు వరసలో దొంగను చేశారు.

వాళ్ళకన్నా ఎక్కువ కోపం నాకు తమ్ముడి మీద. కేసు పోయాక అదే కంపెనీలో అదే బస్సు ఎక్కాడు. మామ గడప ముందు నుంచే రోజుకు రెండుసార్లు పోయేవాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి దిగలేదు. మామ ఏనాడూ ఒక్క మాట అనలేదు. పని పోయాక ఆయన శెట్టి కొట్టులో చిట్టాలు రాసి బతికారు.

ఆ కాగితం చదివి నేరుగా వాడి బస్సు దగ్గరికి పోయాను.

"చదివితివా?"

"చదివితినక్కా."

"అబద్ధమని ఎవురికైనా చెప్తివా?"

"నేనేమన్నా అబద్ధం చెప్పినానా అక్కా?"

"నువ్వేమీ చెప్పలేదురా. అదే నీ పాపం."

"పిల్లలుండారక్కా నాకు."

"ఆయప్పకు లేకుండిరా? నిన్ను స్టేషను నుంచి విడిపించేటప్పుడు ఆయన పిల్లోళ్ళు గాలి మేసినారా?"

హారన్ కొట్టి బస్సు కదిలించాడు. నేను దుమ్ములో నిలబడ్డాను. ఇక వాడి ముఖం చూడకూడదనుకున్నాను.

పదో రోజు. అత్త గడపలో కూర్చుని ఉంది, నేను పక్కన ఉన్నాను. జమ్మలమడుగు నుంచి వచ్చే బస్సు మా వీధిలో ఆగింది. ఇంజను ఆగింది. తమ్ముడు దిగాడు. లోపలి నుంచి, "ఏందప్పా, ఈడ నిలిపినావు? మాకు పొద్దుపోతాంది!" అని అరుపులు. వాడు అత్త ముందు నిలబడి, బస్సంతా వినేట్లు పెద్ద గొంతుతో చెప్పాడు.

"ముందు బస్సు పైనుంచి మనిషి పడినాడు. తర్వాత ఈయప్ప పుస్తకం చూపించి నన్ను విడిపించినాడు. దానికే ఈయప్పను పనిలోనుంచి తీసేసినారు. ఆయన మానుకోలేదు. బోర్డు మీద ఉండేది అబద్ధం. ఇన్నేండ్లు నేను నోరు మూసుకున్న్యా."

బస్సు కిటికీ దగ్గర కూర్చున్న ముసలాయన ఎవరో తన తలగుడ్డ తీశాడు. అత్త, "ఎండన పడి వచ్చినావు. నీళ్ళు తాగి పో" అంది. వాడు చెంబెత్తి తాగుతుంటే నీళ్ళు సగం చొక్కా మీదే పడ్డాయి.

మరునాడే వాణ్ణి పనిలోంచి తీసేశారు. బోర్డు మీద కాగితం ఇంకా ఉంది, కంపెనీ మీద నా కోపమూ ఉంది. తమ్ముడు ఇప్పుడు మా అరుగు మీద కూర్చుని ఖాళీగా రోడ్డు చూస్తున్నాడు. నేను వాడికి అన్నం పెడుతున్నాను, మాట్లాడుతున్నాను. వాడు మామకు పడ్డ బాకీ తీరింది.