తేలిక పాటల మేస్టారు

అమెరికాలోని డులూత్ ఊళ్లో గిటార్ల కొట్టు వెనక గదిలో లోవెల్ మేస్టారు ఏళ్ల తరబడి కొత్తవాళ్లకు అవే తేలిక పాటలు నేర్పుతున్నాడు. వచ్చినవాళ్ల గిటారు శ్రుతి చేసి, చల్లారిన కాఫీ ఒక గుక్క తాగి, "ఊఁ, కానివ్వండి" అంటాడు. చూపుడువేలు అడ్డంగా పరిచి తీగలన్నీ నొక్కాల్సిన పాట వస్తే మాత్రం "అది వచ్చే నెల" అని దాటేస్తాడు. కీళ్లవాతంతో తన వేలు వంగిపోయిందని తెలిస్తే ఇక ఎవరూ రారని అతని దిగులు. అతని దగ్గర నేర్చుకుంటున్న, ఆసుపత్రిలో బట్టలుతికే మార్వా ఇవాళ వదల్లేదు. "ఎన్ని నెలలండీ? ఒక్కసారి మీరు నొక్కి చూపించండి." నొక్కాడు. తీగలు పలకలేదు, టకటకమన్నాయి. మార్వా ఆ వేలివంక కాసేపు చూసింది. "ముందే చెప్పకూడదూ? నాకింకా చేతకాదనే దాటేస్తున్నారనుకుని ఇంటికెళ్లి నా వేళ్లనే తిట్టుకుంటున్నాను! సరే, తేలికది ఇంకోటి చెప్పండి. మంగళవారం మా చెల్లెల్నీ తీసుకొస్తా, దానివి నాకన్నా మొద్దు వేళ్లు." లోవెల్ శ్రుతిలోనే ఉన్న ఆమె గిటారును అందుకుని, తల వంచుకుని, మళ్లీ శ్రుతి చేయసాగాడు.