లైటుకు వేసిన బోరు

ఆ రోజుల్లో నేను బాగుచేసిన వస్తువులన్నీ మా ఇంట్లో ఒకే చోట ఉండేవి, పశువుల కొట్టం వెనక. టేబుల్ ఫ్యాను, రేడియో, మందు కొట్టే పంపు అక్కడ ఒకదాని మీద ఒకటి పడుకుని నేను అటు పోయినప్పుడల్లా నన్నే చూసేవి. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నాకు పుస్తకం తెరవాలంటే భయం గానీ, మూత బిగించిన వస్తువు కనిపిస్తే లోపల ఏముందో చూడందే తోచేది కాదు. (విప్పడంలో తనకల్లు చుట్టుపక్కల నాకు సాటి లేరు. బిగించడంలోనే కొంచెం తేడా వచ్చేది.) అందుకే మా ఊళ్లో అందరికీ నేను 'పానా'ని.

అప్పుడు మా నాయన పాత మోటారు సైకిలుకు ముందు లైటు ఊగడం మొదలైంది. గుండ్రటి ఇనుప డూమును రెండు పక్కలా రెండు బోల్టులు పట్టుకుని ఉంటాయి కదా, అందులో కుడివైపు దానికి తల తెగి ఎక్కడో పడిపోయింది. మిగతా ముక్క డూముకున్న మరచుట్ల బెజ్జంలోనే ఇరుక్కుపోయింది. గతుకు వస్తే చాలు, చేలో రాలిన వేరుశనక్కాయలు ఏరుకునే ముసలమ్మలాగా లైటు వంగి నేలను చూసేది. సరిగ్గా ఆ వారమే నాకు కదిరిలో బట్టల దుకాణంలో పని కుదిరింది. దుకాణం మూసేసరికి ఆఖరి బస్సు వెళ్లిపోతుంది. చీకట్లో ఇల్లు చేరాలంటే బండి ఉండాలి, బండికి లైటు ఉండాలి. మా అక్క మొగుడికి కూడా ఆ బండి మీదే కన్ను.

"ఏమప్పా పానా, ఆదివారం వస్తా. ఆ లోపల లైటు నిలబెట్టినావా, బండి నీది. లేదంటే నేను తీసకపోతా" అన్నాడు బావ. నాయన లైటు ఊగినట్టే తల ఊపాడు.

తనకల్లులో వెల్డింగు షాపు భాయ్‌ని బతిమాలి డ్రిల్లు మిషను తెచ్చుకున్నాను. ఇచ్చేటప్పుడు అతను చెప్పిందల్లా ఒకటే: "ముక్క నడిమధ్యలో చిన్న బెజ్జం పెట్టి ఆపేయప్పా. దాంట్లో ఉలి మొన దిగ్గొట్టి ఎడమకు తిప్పితే అదే బయటికొస్తాది. ఆపేది మాత్రం మర్సిపోవద్దు."

ఆ మాట అతను మా ఇంటివాళ్లకు చెప్పాల్సింది కాదు. మా ఇంట్లో బెజ్జం మొదలుపెట్టి మధ్యలో ఆపినవాడు లేడు. చేలో బోరు వేస్తుంటే ఉత్త దుమ్ము లేస్తున్నా మా నాయన "ఇంకొంచెం పోనీయప్పా, తేమ కనపడతాండాది" అంటూనే ఉండేవాడు. వేసిన బోర్లన్నీ వట్టివే అయ్యాయి. మేకపిల్లలు పడకుండా వాటి మీద బండలు కప్పి ఉంటాయి.

నేను డ్రిల్లు పట్టుకుని గొంతుక్కూర్చుంటే మా అవ్వ అరుగు మీద నుంచి అడిగింది, "పాయింటు పెట్టుకున్న్యావా రా? టెంకాయ తెచ్చియ్యల్నా?" (మా వైపు బోరు వేసేముందు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరుగుతారు. అది లేచి నిలబడిన చోట నీళ్లున్నట్టు.)

ఇనుప పొడి రాలింది. బెజ్జం పడింది. అక్కడ ఆపాలి. కానీ ఆ ముక్క అడుగు ఎంత లోతులో ఉందో, దాని వెనక ఏముందో చూడాలనిపించింది. ఇంకొంచెం పోనిచ్చాను. ఉన్నట్టుండి చేతి కింద పట్టు పోయి డ్రిల్లు జర్రున లోపలికి దిగింది.

"పడింది" అన్నాను, బోరు వేసినప్పుడల్లా ఇంట్లో అందరూ ఎదురుచూసే మాట కాబట్టి.

"నీళ్లా?" అంది అవ్వ.

అద్దం విప్పి చూస్తే డూము లోపల రంగురంగుల వైర్లు. బోల్టు ముక్క పొడైపోయింది, దాని మరా పోయింది. డ్రిల్లు మొనకు వైర్ల తొక్క చుట్టుకుని ఉంది. కనిపించిన చోటల్లా టేపు చుట్టాను. విత్తనాలు వేసే గొర్రు నుంచి పొడుగాటి బోల్టు ఒకటి ఊడదీసి, ఆ బెజ్జంలో దూర్చి, లోపలివైపు నట్టు బిగించాను. లైటు కదల్లేదు. వెలిగింది కూడా. నా చేతుల వంక నేనే అనుమానంగా చూసుకున్నాను.

ఆదివారం బావ వచ్చి రెండు చేతులతో లైటును పట్టి ఊపాడు. బండి ఊగింది గానీ లైటు ఊగలేదు. ముఖం వాడిపోయినా వదల్లేదు. "యాదానికైనా మంచిది, ఒక రౌండు వేసొస్తా" అని బయల్దేరాడు. నేరుగా పోయినంత సేపూ బాగానే ఉంది. పాలకేంద్రం దగ్గర ఎడమకు తిప్పాడో లేదో, హారన్ మొదలైంది. నేను టేపు చుట్టని వైరేదో ఒకటి, హ్యాండిలు ఎడమకు తిరిగినప్పుడల్లా ఇనుముకు తగులుతోందన్నమాట. మా ఊరి వీధుల్లో మలుపులకు కొదవ లేదు. బావ ఎక్కడున్నాడో ఊరంతటికీ వినబడుతూనే ఉంది. కుక్కలు వెంటబడ్డాయి. గ్యాసు బండి వచ్చిందనుకుని ఆడవాళ్లు ఖాళీ సిలిండర్లు వీధిలోకి దొర్లించుకొచ్చారు.

బావ తిరిగొచ్చి తాళం నాయన చేతిలో పెట్టాడు. "నాకొద్దు మామా. మీ పానానే పెట్టుకోనీ."

అలా నాకు బండీ దక్కింది, పనీ దక్కింది. కదిరిలో ఎడమవైపు మలుపులన్నిట్లో హారన్ విని జనమే నాకు దారి ఇచ్చేవాళ్లు. ఇప్పటి నా బండికి లైటంతా ప్లాస్టిక్కే, విప్పడానికి పైకి ఒక్క బోల్టూ కనబడదు. అప్పుడప్పుడు దాని ముందు గొంతుక్కూర్చుని ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తుంటాను. అప్పుడల్లా ఆ ఆదివారం సాయంత్రం గుర్తొచ్చి నవ్వొస్తుంది.

ఆ సాయంత్రం నేను అవ్వ ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. "చూసినావా అవ్వా, నేను చేసింది గూడా నిలబడింది."

అవ్వ చేటలో కాయలు ఒలుస్తూ తల ఎత్తకుండానే అంది, "నిజమే రా. మీ నాయన అన్ని బోర్లు ఏసినాడు, ఒక్కదాంట్లో చుక్క రాలే. నువ్వు ఏసినదాంట్లో కూతన్నా వచ్చింది."